జెడ్2 ఎక్స్‌ట్రీమ్: ఛార్జర్ పీకి ఆడితేనే దీని సంగతి తెలుస్తుంది

నా దగ్గర 2023లో వచ్చిన ఆర్‌ఓజీ ఆలై ఉండేది, అంటే చేత్తో పట్టుకుని పీసీ గేములు ఆడుకునే అసుస్ హ్యాండ్‌హెల్డ్, ఏఎండీ వాళ్ళ జెడ్1 ఎక్స్‌ట్రీమ్ చిప్ ది, రెండేళ్ళకి పైగా వాడాను. ఇప్పుడు ఎక్స్‌బాక్స్ ఆలై ఎక్స్ తీసుకున్నా, దీంట్లో దాని తర్వాతి చిప్, ఏఐ జెడ్2 ఎక్స్‌ట్రీమ్. కొనేముందు ఎవర్ని అడిగినా రెండే మాటలు, సగం మంది "ఇంత పెట్టి కొంటే ఇంతేనా, పాతదానికీ దీనికీ తేడానే లేదు" అన్నారు, మిగతా సగం మంది "సూపర్ ఉంది, కళ్ళు మూసుకుని తీస్కో" అన్నారు. వాడాక నాకు అర్థమైంది ఏంటంటే ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కాకపోతే ఒకళ్ళు ఛార్జర్ పెట్టి చూశారు, ఇంకొకళ్ళు ఛార్జర్ పీకి చూశారు.

ముందు ఇంట్లో రెండూ పక్కపక్కన పెట్టి, రెండూ ప్లగ్‌లో ఉంచి ఫుల్ పవర్ మోడ్‌లో సైబర్‌పంక్ గేమ్‌లో ఉండే స్పీడ్ టెస్ట్ (బెంచ్‌మార్క్) నడిపా. చిప్‌కి ఇచ్చే పవర్ పాతదాంట్లో 30 వాట్లు, కొత్తదాంట్లో 35 వాట్లు. నిజం చెప్పాలంటే ఉసూరుమనిపించింది, ఫ్రేమ్స్ కొంచెం పెరిగాయి కానీ నెంబర్ చూస్తే తప్ప కంటికి తెలిసేంత కాదు. కాగితం మీద చూస్తే గ్రాఫిక్స్ యూనిట్లు 12 నుంచి 16 అయ్యాయి, వాటి డిజైన్ తరం కూడా ఆర్‌డీఎన్‌ఏ 3 నుంచి 3.5 అయ్యింది, మరి ఆ పెరిగిందంతా ఎటు పోయినట్టు? మెమరీ దగ్గర ఆగిపోయింది. రెండిట్లోనూ మెమరీ దారి వెడల్పు 128 బిట్లే, స్పీడ్ ఏదో కొంత పెరిగిందంతే. మేస్త్రీ దగ్గరికి ఇంకో నలుగురు కూలీల్ని పంపించి ఇటుకలు తెచ్చే బండి మాత్రం ఒక్కటే ఉంచితే గోడ ఎంత తొందరగా లేస్తుంది? ఆ నలుగురూ ఇటుక కోసం ఎదురుచూస్తూ నిలబడతారు, ఇక్కడ కూడా అదే జరుగుతోంది.

కానీ నేను హ్యాండ్‌హెల్డ్ కొన్నది ఇంట్లో ప్లగ్ పక్కన కూర్చోడానికి కాదు కదా. నెలకోసారి హైదరాబాద్ నుంచి వైజాగ్ గోదావరిలో వెళ్తా, ఆ ప్రయాణం కోసమే నాకు ఇది. అసలు టెస్ట్ అక్కడే జరిగింది. సికింద్రాబాద్‌లో రైలు కదిలాక సైడ్ లోయర్‌లో కాళ్ళు చాపుకుని 17 వాట్ల పెర్ఫార్మెన్స్ మోడ్‌లో పెట్టి అదే గేమ్ మొదలెట్టా. పాతదాంట్లో ఆ పవర్‌కి మార్కెట్ సీన్‌లో జనం మధ్య పరిగెడుతుంటే బొమ్మ పట్టిపట్టి వచ్చేది, సెట్టింగ్స్ మొత్తం లో కి దించి, పైగా రిజల్యూషన్ కూడా తగ్గించి ఆడేవాడ్ని. ఇక్కడ సెట్టింగ్ ఒక మెట్టు పైన పెట్టినా సాఫీగా వెళ్ళిపోయింది, ఫ్యాన్ సౌండ్ రైలు చప్పుడులో కలిసిపోయింది. తక్కువ పవర్‌లోనే ఎందుకు బాగుంటుందంటే, 16 యూనిట్లు నిదానంగా నడిచినా 12 యూనిట్లు ఉరుకులు పరుగుల మీద చేసినంత పని అయిపోతుంది, నిదానంగా నడిస్తే కరెంట్ తక్కువ తాగుతుంది. సీపీయూ వైపు కూడా అంతే, 8 కోర్లలో 3 మాత్రమే పెద్ద జెన్ 5 కోర్లు (జెన్ అంటే ఏఎండీ సీపీయూ కోర్ల తరం పేరు, నెంబర్ పెరిగితే కొత్తది), మిగతా 5 జెన్ 5సీ అని చిన్న సైజువి, పొదుపుగా నడవడానికి చేసినవి. అంటే ఈ చిప్‌ని తయారు చేసిందే తక్కువ పవర్ కోసం, మనం తీసుకెళ్ళి 35 వాట్లలో పరీక్ష పెట్టి తిడుతున్నాం.

బ్యాటరీ గురించి మాత్రం ఒక మాట, ఎందుకంటే చాలామంది దీన్ని కూడా చిప్ ఖాతాలో వేసేస్తున్నారు. పాత ఆలైలో 40 వాట్ అవర్ బ్యాటరీ, దీంట్లో 80. చిప్‌కి 15-17 వాట్లు అంటే అది చిప్ ఒక్కదానికే, స్క్రీన్, వైఫై, ఫ్యాన్ అన్నీ కలుపుకుంటే మొత్తం 25 దాకా లాగుతుంది, భాగించి చూసుకోండి. నాకు పాతది కాజీపేట వచ్చేసరికి ఆరిపోయేది, కొత్తది ఖమ్మం దగ్గర దాకా వచ్చింది. ఆ గొప్ప ఎక్కువ భాగం బ్యాటరీదే. బరువు కూడా 608 గ్రాముల నుంచి 715 గ్రాములకి పెరిగింది, పడుకుని మొహం మీద ఎత్తి పట్టుకుని ఆడితే అరగంటకే మణికట్టు లాగేస్తుంది, కాబట్టి దిండు పెట్టుకోండి.

ఏఐ పనుల కోసం చిప్‌లో ఎన్‌పీయూ అని ప్రత్యేకమైన భాగం పెట్టారు, దాని స్పీడ్ 50 టాప్స్ అంటారు. నేను ఆడే గేముల్లో దాంతో నాకు ఇంతవరకు పని పడలేదు, దాన్ని చూసి మాత్రం డబ్బులు ఎక్కువ పెట్టకండి.

నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఈ పేర్లు. మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్ ఫైనలియర్, పార్ట్‌టైమ్ చేసి దాచుకున్న డబ్బులతో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక షాప్‌కి హ్యాండ్‌హెల్డ్ కొనడానికి వెళ్ళి అక్కడి నుంచే ఫోన్ చేశాడు. "అన్నా, జెడ్2 అంట, జెడ్1 కన్నా కొత్తదే కదా, షాపాయన కూడా ఇదే లేటెస్ట్ అంటున్నాడు, తీసేసుకోనా?" అన్నాడు. "జెడ్2 పక్కన ఏముందో చదువు" అన్నా. "ఏ" అన్నాడు. "ఏ అంటే ఏది రా?" "ఏ అనే ఉందన్నా, అక్షరం." వెంటనే ఆగమని చెప్పా. జెడ్2 ఏ అంటే జెన్ 2 కోర్లు నాలుగు, ఆర్‌డీఎన్‌ఏ 2 యూనిట్లు ఎనిమిది, అంటే 2022లో వాల్వ్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్‌లో వచ్చిన చిప్‌కి తోబుట్టువు. జెడ్2 గో అంటే జెన్ 3 ప్లస్, ఉత్త జెడ్2 అంటే జెన్ 4, జెడ్2 ఎక్స్‌ట్రీమ్ అంటే జెన్ 5. ఒకే పేరు కింద నాలుగు తరాలు పెట్టారు! 2023లో జెడ్1 ఎక్స్‌ట్రీమ్ ఉన్న ఆలై మన దగ్గర 69,990కి వచ్చింది, 2025లో జెడ్2 ఏ ఉన్న మామూలు ఎక్స్‌బాక్స్ ఆలై కూడా 69,990కే వచ్చింది. కొత్తదాంట్లో బ్యాటరీ 60కి పెరిగింది, గ్రిప్ బాగుంది, తక్కువ పవర్‌లో చిన్న గేములకి ఆ చిప్ చాలు కూడా, అది వేరే సంగతి. కానీ అదే రేటుకి పాతదే ఎక్కువ శక్తి ఉన్న చిప్ అని డబ్బా మీద పేరు చూసి ఏ పిల్లాడికి తెలుస్తుంది?

ఇంటెల్‌ని కూడా మర్చిపోవద్దు. ఇంటెల్ చిప్‌తో వచ్చిన మొదటి ఎంఎస్‌ఐ క్లా హ్యాండ్‌హెల్డ్‌కి జనం బాగా అక్షింతలు వేశారు, కానీ ఇంటెల్ లూనార్ లేక్ చిప్‌తో వచ్చిన క్లా 8 ఏఐ ప్లస్ చూశాక అదే జనం మాట మార్చారు, తక్కువ వాట్లలో జెడ్2 ఎక్స్‌ట్రీమ్‌కి గట్టి పోటీ అదే. 8 అంగుళాల స్క్రీన్ కావాలనుకుంటే అదీ ఒకసారి చూడండి.

నా లెక్క ఇది. స్టీమ్ డెక్ నుంచో ఉత్త జెడ్1 నుంచో వచ్చేవాళ్ళకి జెడ్2 ఎక్స్‌ట్రీమ్ మంచి మార్పు. జెడ్1 ఎక్స్‌ట్రీమ్ ఉండి, ఎక్కువగా ప్లగ్ పెట్టుకునో టీవీకి కనెక్ట్ చేసో ఆడేవాళ్ళు 2025లో 1,14,990కి వచ్చిన ఈ ఆలై ఎక్స్ మీద డబ్బులు పెట్టకండి, ఆగండి. జెడ్2తో స్టీమ్ డెక్ రాదు అని వాల్వ్ వాళ్ళే చెప్పేశారు, తరం మారినంత తేడా వచ్చే చిప్ కోసం చూస్తున్నారు, అది సరైన పనే అనిపిస్తుంది నాకు. నాలా రైళ్ళలో బస్సుల్లో ఆడేవాళ్ళైతే వేరే, 17 వాట్లలో వచ్చే తేడా మీకు రోజూ కనపడుతుంది.

తమ్ముడు ఆ రోజు షాప్‌లోంచి ఉత్త చేతులతో వచ్చేశాడు. నా పాత ఆలై వాడికే ఇచ్చేశా, 15 వాట్ల ప్రొఫైల్ సెట్ చేసి, ఒక పవర్‌బ్యాంక్ కూడా కలిపి.