పుస్తకాల లెక్కకు మొబైల్ స్కానర్: ఏడాది వాడాక నా అభిప్రాయం

గ్రంథాలయంలో స్టాక్ లెక్క చూసినవాళ్లకు ఆ పని ఎంత ఓపిక కోరుతుందో తెలుసు. ఒకరు అలమారలోంచి పుస్తకం తీసి యాక్సెషన్ నంబరు (గ్రంథాలయం ఒక్కో ప్రతికి ఇచ్చే సంఖ్య) పైకి చదువుతారు. ఇంకొకరు రిజిస్టరులో ఆ వరుస వెతికి టిక్కు పెడతారు. ఆ రెండో మనిషి పనిని ఫోనుకు అప్పగించాలని ఒక యాప్ రాశాను. సిబ్బందిలో కొందరి దగ్గర ఆండ్రాయిడ్, కొందరి దగ్గర ఐఫోన్ ఉన్నాయి కాబట్టి, రెండింటికీ ఒకే కోడుతో యాప్ రాయగలిగే ఫ్లటర్ ఎంచుకున్నాను. స్కానింగ్ కోసం ‘మొబైల్ స్కానర్’ అనే ఓపెన్ సోర్స్ ప్యాకేజీని, అంటే ఎవరైనా వాడుకోగల సిద్ధమైన కోడును, చేర్చాను. ఏడాదిగా అదే వాడుతున్నాను. ఇది చాలా మంచి పనిముట్టు, ఆ మాట నిస్సంకోచంగా చెబుతాను. అయితే అది చేతికిచ్చిన అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా డేటాబేసులో వేసుకుంటే మాత్రం చిక్కుల్లో పడతారు.

చేర్చడం తేలిక, ఒక పూట పని. ఐఫోన్ వైపు కెమెరా ఎందుకు కావాలో సెట్టింగుల ఫైలులో ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం లేకపోతే కెమెరా తెరవబోయిన క్షణంలోనే ఐఓఎస్ యాప్‌ను మూసేస్తుంది. దాన్ని మొక్కుబడిగా రాయకండి. అనుమతి అడిగే పెట్టెలో మనిషి చదివేది ఆ ఒక్క వాక్యమే. ‘పుస్తకం మీది బార్‌కోడ్ చదవడానికి’ అని సూటిగా రాశాను, ఇంతవరకు ఎవరూ కాదనలేదు. ఇంకో మాట, కంప్యూటరులో ఫోనును అనుకరించే ఐఓఎస్ సిమ్యులేటర్‌లో కెమెరా ఉండదు. పరీక్షించాలంటే అసలు ఫోను చేతిలో ఉండాల్సిందే.

ఈ ప్యాకేజీ గొప్పతనం ఒకే కప్పు కింద బార్‌కోడ్ చదివే మూడు ఇంజిన్లను కాపురం పెట్టించడం. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఎంఎల్ కిట్, ఐఫోన్‌లో 7.0 వెర్షన్ నుంచి యాపిల్ విజన్, బ్రౌజరులో జెడ్‌ఎక్సింగ్ పనిచేస్తాయి. మనం రాసే కోడు ఒక్కటే. ఎంఎల్ కిట్ విషయంలో మాత్రం ఒక నిర్ణయం మన మీద ఉంటుంది. చదివే మోడల్‌ను యాప్‌లోనే కలిపి పంపితే సైజు సుమారు 2.4 ఎంబీ పెరుగుతుంది. ఫోనులోని గూగుల్ ప్లే సర్వీసెస్ ద్వారా తర్వాత దిగేలా పెడితే 200 కేబీతో సరిపోతుంది, కానీ మోడల్ దిగేవరకు ఒక్క బార్‌కోడ్ కూడా చదవదు. పాత సంచికలన్నీ సిగ్నల్ అందని నేలమాళిగలో ఉన్నాయి. అక్కడ మొదటిసారి యాప్ తెరిచినవాళ్లు ఖాళీ తెర చూస్తూ నిలబడటం నాకు ఇష్టం లేదు. కలిపి పంపే పద్ధతే ఎంచుకున్నాను, ఆ 2.4 ఎంబీ గురించి మళ్లీ ఆలోచించలేదు.

అసలు కథ ఇక్కడి నుంచి. లెక్క మొదలైన మూడో రోజున ఒకే పుస్తకం జాబితాలో రెండుసార్లు కనిపించింది. పాత అమెరికన్ పేపర్‌బ్యాక్ అది. వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) బార్‌కోడ్ కాకుండా, దుకాణాల్లో సరుకులకు వాడే యూపీసీ-ఏ బార్‌కోడ్ ఉంది. ఆండ్రాయిడ్ ఫోను దాన్ని 12 అంకెలుగా చదివింది. ఐఫోన్ ముందు ఒక సున్న చేర్చి 13 అంకెలుగా చదివింది. నా పట్టికకు అవి రెండు వేర్వేరు వస్తువులు.

కారణం తెలిశాక ముచ్చటేసింది. ఈఏఎన్-13 అనే 13 అంకెల బార్‌కోడ్‌లో మొదటి అంకెకు సొంత గీతలంటూ ఉండవు. ఎడమవైపు ఆరు అంకెలను ఏ సరళిలో గీశారన్న దానిలోనే అది దాగి ఉంటుంది. ఆ అంకె సున్న అయినప్పుడు గీతలు యూపీసీ-ఏ గీతలతో అచ్చంగా ఒకటే. కాబట్టి యాపిల్ దాన్ని ఈఏఎన్-13 కింద జమ కట్టింది, గూగుల్ విడిగా యూపీసీ-ఏ అని పేరు పెట్టింది. ఇద్దరి లెక్కా సరైనదే. ఇప్పుడు 12 అంకెలు వస్తే ముందు సున్న చేర్చి, అన్నిటినీ 13 అంకెల రూపంలోనే దాస్తున్నాను. మీరు మొదటి రోజునే ఆ పని చేయండి. పట్టిక నిండాక సరిదిద్దడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

రెండో చిక్కు, ఒకే అట్ట మీద రెండు కోడ్లు. ప్రచురణకర్త వేసిన ఐఎస్‌బీఎన్ ఒకటి, గ్రంథాలయం యాక్సెషన్ నంబరుతో అంటించిన కోడ్ 39 (మరో రకం బార్‌కోడ్) స్టిక్కరు ఒకటి. కెమెరాకు రెండూ కనిపిస్తాయి, ఏది ముందు దొరికితే అది వస్తుంది. ఈ ప్యాకేజీలో ఏ రకాలు చదవాలో ముందే చెప్పే వీలుంది. స్టాక్ లెక్క తెరలో కోడ్ 39 ఒక్కటే, కొత్త పుస్తకాల తెరలో ఐఎస్‌బీఎన్‌ను అచ్చువేసే ఈఏఎన్-13 ఒక్కటే, అదీ 978 లేదా 979తో మొదలైతేనే. రకాలు తగ్గించాక చదివే వేగం కూడా పెరిగింది.

కోడ్ 39 దగ్గర మరికొంచెం జాగ్రత్త కావాలి. ఈఏఎన్-13లో చివరిది తనిఖీ అంకె. ఎడమ నుంచి బేసి స్థానాల అంకెలను ఒకటితో, సరి స్థానాల అంకెలను మూడుతో గుణించి కూడితే మొత్తం పదితో నిశ్శేషంగా భాగింపబడాలి. తప్పు చదివితే చాలావరకు అక్కడే దొరికిపోతుంది. కోడ్ 39లో అలాంటి తనిఖీ తప్పనిసరి కాదు, ఈ స్టిక్కర్లలో అసలు లేదు. అరిగిపోయిన స్టిక్కరు ఒకటి రిజిస్టరులోనే లేని నంబరు ఇచ్చింది. అప్పటి నుంచి వరుసగా రెండుసార్లు ఒకే ఫలితం రావాలి, ఆ నంబరు రిజిస్టరులో ఉండాలి, అప్పుడే ఫోను కంపిస్తుంది. మనిషికి ఆలస్యం తెలియదు.

పదేపదే చదవడం గురించి. మామూలు అమరికలో 250 మిల్లీసెకన్లకోసారి ఫలితం వస్తుంది. నా మొదటి కోడు ప్రతి ఫలితానికీ పుస్తకం పేజీ తెరిచేది, దాంతో ఒక్క స్కానుకు మూడు పేజీలు ఒకదాని మీద ఒకటి తెరుచుకునేవి. నకళ్లు వద్దనే అమరిక పెడితే అది సర్దుకుంది. కానీ ఒకే పుస్తకం ఐదు ప్రతులు వచ్చిన రోజున మళ్లీ ఇరుక్కున్నాను. ఐదింటికీ ఐఎస్‌బీఎన్ ఒకటే కదా! మొదటి ప్రతి తర్వాత మిగిలిన నాలుగూ నకళ్లే అనుకుని యాప్ మౌనంగా ఉండిపోయింది. ఇప్పుడు మామూలు అమరికే ఉంచి, పేజీ తెరిచి ఉన్నంతసేపు కెమెరాను ఆపేసి, మూసేశాక తిరిగి మొదలుపెడుతున్నాను. బ్యాటరీకీ అదే మంచిది.

ఇక చేతిలో పుస్తకంతో నిలబడినప్పటి సంగతి. మీద ప్లాస్టిక్ అట్ట ఉన్న పుస్తకానికి టార్చి వేస్తే సరిగ్గా గీతల మీదే తెల్లటి మచ్చ పడుతుంది. టార్చి ఆపి, పుస్తకాన్ని కొంచెం వాల్చితే మచ్చ పక్కకు జరుగుతుంది, వెంటనే చదువుతుంది. అడ్డంగా ఒక్క సన్నటి పట్టీ శుభ్రంగా కనిపిస్తే చాలు దానికి.

చదవకపోతే అందరూ చేసే పని ఫోనును ఇంకా దగ్గరికి తీసుకెళ్లడం. పాతికేళ్లుగా ఆ అలమారల మధ్య తిరిగిన సీనియర్ లైబ్రేరియన్ గారూ అంతే. ‘ఇంకా దగ్గరగా పెట్టనా అమ్మా?’ అని అడిగారు. ‘వద్దు సార్, జానెడు వెనక్కి జరపండి’ అన్నాను. వెనక్కి జరిపారు, ఫోను కంపించింది. కొత్త ఫోన్లలో ప్రధాన కెమెరా మరీ దగ్గరి వస్తువు మీద ఫోకస్ కాదు, గీతలన్నీ అలుక్కుపోతాయి. ఈఏఎన్-13 వెడల్పు 95 యూనిట్లు (యూనిట్ అంటే అతి సన్నటి గీత వెడల్పు), చిత్రంలో అది కనీసం 190 పిక్సెళ్లయినా ఉండాలని ఎంఎల్ కిట్ సూచన. అంటే దూరం నుంచి కూడా చదవగలదు, బొమ్మ స్పష్టంగా ఉంటే చాలు. తెర తెరవగానే కొద్దిగా జూమ్ అయ్యేలా పెట్టాను. గీతలు పెద్దగా కనబడేసరికి మనుషులు వాళ్లంతట వాళ్లే వెనక్కి జరుగుతున్నారు. ఈ ఒక్క మార్పుతో ‘చదవడం లేదు’ అన్న ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి.

క్యూఆర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సభ్యుల కార్డుల మీద వాడుతున్నాను. మూడు మూలల్లోని చతురస్రాల వల్ల ఏ కోణంలో పట్టుకున్నా దొరుకుతుంది. పర్సుల్లో నలిగే కార్డులు కాబట్టి 25 శాతం వరకు చెడిపోయినా కోలుకునే క్యూ స్థాయిలో అచ్చు వేయించాను. స్కాన్ చేసినదానిలో వెబ్ లింకు ఉంటే యాప్ తెరవదు, సభ్యత్వ నంబరు తప్ప మరేదీ అంగీకరించదు.

మీది ఫ్లటర్ కాక, అలాంటిదే అయిన రియాక్ట్ నేటివ్ అయితే విజన్ కెమెరా ప్యాకేజీలో గానీ ఎక్స్‌పో కెమెరా ప్యాకేజీలో గానీ ఇదే సౌకర్యం ఉంది. ఎక్స్‌పోలో విడిగా ఉండే పాత బార్‌కోడ్ స్కానర్‌ను ఎస్‌డీకే 52 వెర్షన్ నుంచి తీసేశారు, దాన్ని చూపే పాత పాఠాలను నమ్ముకోకండి. ఆండ్రాయిడ్ ఒక్కటే చాలనుకుంటే గూగుల్ కోడ్ స్కానర్ చూడండి, దానికి కెమెరా అనుమతి కూడా అడగనక్కర్లేదు. రోజంతా వేలకొద్దీ కోడ్లు చదవాల్సిన చోటైతే ఫోను కెమెరా కన్నా కీబోర్డులా పనిచేసే బ్లూటూత్ చేతి స్కానరే మేలు.

ఫ్లటర్‌లో రాసేవాళ్లకు మాత్రం నా ఓటు మొబైల్ స్కానర్‌కే. కెమెరా బొమ్మ కింద నంబరు టైపు చేసే పెట్టె ఒకటి తప్పక పెట్టండి. నేను మొదట దాన్ని మెనూ లోపల దాచాను. పురుగు సగం తినేసిన స్టిక్కర్లు వరుసగా తగిలిన మధ్యాహ్నం, సిబ్బంది ఆ మెనూ కోసం వెతుక్కోవడం చూసి, అదే సాయంత్రం బయటికి తెచ్చి పెట్టాను.