కడప బండలా, మెరిసే టైల్సా?

కడపలో కొత్త ఇల్లంటే ఇప్పుడు అందరి చూపూ మెరిసే విట్రిఫైడ్ టైల్స్ మీదే. మరక పట్టదు, గది వెలుతురుగా కనిపిస్తుంది. హాలుకైతే నాకూ ఇష్టమే. కానీ బాత్‌రూమ్ గడప దగ్గర తడికాలు పెడితే జర్రున జారుతుంది. ఇంటీరియర్ డిజైనర్ అన్నవాళ్లు క్యాటలాగ్ తెరిచేముందే 'ఇంట్లో అవ్వాతాతలున్నారా, రాత్రిపూట లేచేదెవరు?' అని అడగాలి. టైల్స్ షాపు కమీషన్ ఇస్తుంటే ఆ సంగతీ ఇంటివాళ్లకు చెప్పాలి. పెద్దవాళ్లు తిరిగే చోట నేను గరుకు కడప బండే వేయమంటాను. తడిలోనూ కాలికి పట్టు దొరుకుతుంది, రాయీ మన జిల్లాదే. పాలిష్ ఎక్కువ పట్టించారా, అదీ జారేదే. పైగా సున్నపురాయి కదా, వంటగట్టు మీద నిమ్మరసమో చింతపండు పులుసో ఒలికితే వెంటనే తుడవాలి, లేదంటే మచ్చ పడుతుంది.