మామిడి తోటలో మినీ ట్రాక్టరు: అదనపు లైట్లు, వెల్డింగ్ షాపు సామాన్లు నాలుగేళ్లకు ఎలా ఉన్నాయి

మాది చిత్తూరు వైపు మామిడి తోట. ఎక్కువ తోతాపురి, కొంత బేనిషా. పాత చెట్ల కింద కొమ్మలు బాగా కిందికి వాలి ఉంటాయి, కొత్తగా దగ్గర దగ్గరగా నాటిన చోట పెద్ద ట్రాక్టరు తిరగడానికి సందు ఉండదు. అందుకే 24 హెచ్‌పీ, ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్న మినీ ట్రాక్టరు తీసుకున్నాం. మహీంద్రా జీవో 245, కుబోటా బీ2441 లాంటి బండ్ల తరగతి అనుకోండి. మాది ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. కొన్నాక మేం దానికి తగిలించిన లైట్లు, ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించిన సామాన్లు నాలుగేళ్ల వాడకం తర్వాత ఎలా ఉన్నాయో రాస్తున్నా.

లైట్ల అవసరం స్ప్రేతో మొదలైంది. పూత దశలో తేనెమంచు పురుగుకు మందు కొట్టాలంటే పగలు గాలి ఎక్కువ, పైగా తేనెటీగలు పూత మీద ఉంటాయి. సాయంత్రం పొద్దు వాలాక గాలి తగ్గుతుంది, ఈగలు గూటికి పోతాయి. అంటే మొదలుపెట్టేసరికే చీకటి. ఇక ఎండాకాలం దుక్కి సంగతి మీకు తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో పగలు సీటు మీద కూర్చునేదెవరు? కంపెనీ ఇచ్చిన హెడ్‌లైట్లు ముందు దారి చూపిస్తాయి, అంతే. పని జరిగేది వెనక, పక్కన. అక్కడ కటిక చీకటి.

మామూలుగా అందరూ చేసేది టాపు మీద నాలుగు ఎల్ఈడీలు బిగించడం. ఆటో ఎలక్ట్రీషియన్ మాకూ అదే చెప్పాడు. పొలంలో తిరిగే బండికి అది బాగానే ఉంటుంది, తోటలో తిరిగే బండికి మాత్రం వద్దు. పైన ఉన్న ప్రతిదీ కొమ్మకు తగులుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మందు కొడుతున్నప్పుడు పైనుంచి పడే తెల్లటి వెలుతురు తుంపర మీద పడి కళ్లలోకే తిరిగొస్తుంది, ఎదురుగా తెల్ల గోడ కట్టినట్టే. అదే లైటు మడ్‌గార్డు ఎత్తులో ఉంటే తుంపర కింద నుంచి చెట్టు మొదలు, కింది కొమ్మలు కనిపిస్తాయి. ఆ పురుగు బెరడు పగుళ్లలో కూడా దాక్కుంటుంది కాబట్టి మొదలు కనబడటం ముఖ్యం. అందుకని వెనక మడ్‌గార్డుల మీద రెండు, వాటి పక్కనే బయటికి చూసేలా ఇంకో రెండు పెట్టాం. ముందు హెడ్‌లైట్లు ఎలా వచ్చాయో అలాగే వదిలేశాం.

నాలుగూ పరుచుకునే వెలుతురువే, అంటే ఫ్లడ్ రకం. దూరం కొట్టే స్పాట్ లైటు తోటలో దండగ, పది మీటర్ల అవతల ఇంకో చెట్టు ఉండనే ఉంటుంది. రంగు విషయంలో ఒక మాట. మొదటి జత తెల్లవి, రెండో జత పసుపువి కొన్నాం. తేడా మొదటి రాత్రే తెలిసింది. తెల్ల లైటు చుట్టూ పురుగులు మూగి ముఖం మీద, మెడలో పడుతుంటే డ్రైవరుకు చికాకు. పసుపు లైటుకు పురుగులు రావని కాదు, బాగా తక్కువ. తుంపరలోనూ పసుపే కంటికి హాయి. ఇప్పుడు కొనేవాళ్లు నాలుగూ పసుపే కొనుక్కోండి.

డబ్బా మీద రాసే వాట్లను మాత్రం నమ్మకండి. 72 వాట్లని రాసి ఉన్న లైటును మల్టీమీటరుతో చూస్తే ఒకటిన్నర ఆంపియర్ తీసుకుంది. ఇంజిను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా ఉంటుంది కాబట్టి లెక్కకు ఇరవై వాట్లే. ఒకరకంగా మన మంచికే. నాలుగూ కలిపి ఆరు ఆంపియర్లు, బ్యాటరీని ఛార్జి చేసే చిన్న ఆల్టర్నేటరు కూడా మోయగలదు. అదే పాతకాలపు 55 వాట్ల హాలోజన్లు నాలుగు పెడితే 18 ఆంపియర్లు దాటుతుంది. చిన్న బండి మీద, అందులోనూ ఇంజిను నిదానంగా తిరుగుతుంటే, ఆ కొరతంతా బ్యాటరీ నుంచే పోతుంది. పొద్దున సెల్ఫు కొడితే టక్కుమని ఊరుకుంటుంది. మీ బండి ఆల్టర్నేటరు ఎన్ని ఆంపియర్లదో పుస్తకంలో ఉంటుంది, లైట్లు కొనకముందే చూసుకోండి.

వైరింగ్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే చూసిన బండ్లలో సగం ఇక్కడే పాడయ్యాయి. హెడ్‌లైట్ వైరును మధ్యలో గీరి, మెలిపెట్టి, టేపు చుట్టడం మన దగ్గర అలవాటు. దానివల్ల పాత స్విచ్చి వేడెక్కి కాలుతుంది, వారంటీ కూడా గొడవలో పడుతుంది. మా బండిలో కంపెనీ వైరు ఒక్కటీ కోయలేదు. బ్యాటరీ ప్లస్ నుంచి సరాసరి ఒక వైరు, దానికి బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు. ఫ్యూజును డ్యాష్‌బోర్డు దగ్గర పెట్టేవాళ్లుంటారు. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరు ఎక్కడైనా ఒరుసుకుంటే దాన్ని కాపాడేది ఏదీ ఉండదు, అందుకే ఫ్యూజు ఎంత దగ్గరుంటే అంత మంచిది. అక్కడి నుంచి నాలుగు కాళ్ల రిలే, అంటే చిన్న స్విచ్చితో పెద్ద కరెంటును నడిపించే డబ్బా. దాని కాళ్ల మీద నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ, 87కి లైట్లు, 85కి ఎర్త్, 86కి తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు మీద చిన్న స్విచ్చి. తాళం తీసేస్తే లైట్లూ ఆగిపోతాయి, రాత్రంతా వెలిగి బ్యాటరీ పడిపోతుందన్న టెన్షన్ లేదు.

వైరు మందం దగ్గర పిసినారితనం వద్దు. 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరుతో నాలుగు మీటర్లు పోయి నాలుగు మీటర్లు తిరిగొస్తే, ఆరు ఆంపియర్లకు దాదాపు 1.2 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 వైరు వేస్తే ఆ నష్టం అర వోల్టు కూడా ఉండదు. ఎర్త్‌కు కూడా విడిగా వైరు లాగాం. మడ్‌గార్డు రేకుకు ఎర్త్ ఇస్తే మొదట్లో బాగానే వెలుగుతుంది, రెండు వానలు పడి తుప్పు పట్టాక మిణుకుమనడం మొదలవుతుంది. వైర్లన్నీ ముడతల ప్లాస్టిక్ గొట్టంలోంచి తీసుకెళ్లాం. షెడ్డులో ఎలుకలున్న వాళ్లకు దీని విలువ చెప్పక్కర్లేదు.

నాలుగింటిలో ఒక లైటులోకి రెండో వానాకాలం నీళ్లు దిగాయి, డబ్బా మీద ఐపీ67, అంటే నీళ్లు దిగవని చెప్పే గుర్తు, ఉన్నా. మార్చేశాం. మిగతావి ఇప్పటికీ వెలుగుతున్నాయి. ఇంకో చిన్న చిరాకు, ఆ లైట్లు వేస్తే ఎఫ్ఎం రేడియోలో గర్రుమని శబ్దం వస్తుంది. చవక ఎల్ఈడీల లోపలుండే సర్క్యూట్ల మహిమ అది.

అనుకోకుండా అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది సీటు కింద, మెట్టు మీద పడేలా పెట్టిన చిన్న లైటు. రాత్రి బండి దిగేటప్పుడు కాలు ఎక్కడ పెడుతున్నామో కనిపిస్తుంది. మామిడాకుల్లో రక్తపింజరి పడుకుంటే పగలే కనపడదు. రెండు మూడు వందల రూపాయల లైటు, ఇదొక్కటైనా పెట్టించండి.

రోడ్డెక్కితే ఈ లైట్లన్నీ ఆపేస్తాం. వెనక తెల్ల లైటు వెలుగుతుంటే మనం వెళుతున్నామో ఎదురొస్తున్నామో వెనకవాడికి అర్థం కాదు. ట్రాలీ వెనక ఎర్రది, ముందు తెల్లది, పక్కల పసుపుది రిఫ్లెక్టర్ టేపు అంటించాం. ఆ టేపు మీద పడే దుమ్మును వారానికోసారి తుడవకపోతే అది ఉన్నా లేనట్టే.

ఇక వెల్డింగ్ షాపు సామాన్లు. మొదట చెప్పాల్సింది వెనక బల్ల. బండి వెనక పనిముట్లను ఎత్తే లిఫ్టు చేతులకు తగిలించి కాయల క్రేట్లు మోసే బల్ల ఇది. చదరపు పైపుతో చట్రం, పైన రేకు. పిన్నులు మాత్రం షాపులో చేయించవద్దు. చిన్న ట్రాక్టర్లకు సాధారణంగా వచ్చే కేటగిరీ 1 లింకేజీలో, అంటే వెనక పనిముట్లు తగిలించే చేతుల సైజులో, కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పై చేతి (టాప్ లింక్) పిన్ను 19. ఆ సైజులో గట్టి ఉక్కు పిన్నులు స్పేర్ పార్టుల షాపులో రెడీగా దొరుకుతాయి. మామూలు రాడ్డు కోసి చేసినవి వంగిపోయి, తీయబోతే బయటికి రావు.

ఈ బల్ల వచ్చాక చెట్టు కిందికే వెళ్లి కాయ ఎత్తుకొస్తున్నాం. ట్రాలీ తిరగని సందుల్లోంచి పది క్రేట్లు, క్రేటుకు ఇరవై కిలోల లెక్కన రెండు వందల కిలోలు ఒకేసారి బయటికి వస్తాయి. ఈ తరగతి బండ్ల లిఫ్టు 750 కిలోలు ఎత్తుతుందని రాస్తారు కదా, ఇంకా ఎక్కించొచ్చుగా అని కూలీలు అడుగుతుంటారు. ఆ లెక్క చేతుల కొస దగ్గర. బల్ల మీద బరువు ఇంకా వెనక్కి ఉంటుంది కాబట్టి అంత మోయదు. దానికన్నా ముందు, ఎత్తు మీద ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. నాలుగు వందల లీటర్ల స్ప్రే ట్యాంకు నిండుగా తగిలిస్తే ఇదే సమస్య ఇంకా పెద్దది.

దానికి విరుగుడుగా ముందు బరువు పెట్టాం. కంపెనీ ఇనుప బరువుల ధర విన్నాక కాంక్రీటు దిమ్మె పోయించాం. 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 ఎత్తు, 40 పొడవు ఉన్న దిమ్మె 85 కిలోల పైనే తూగుతుంది. పోసేటప్పుడే లోపల ఇనుప ఛానల్ ముక్క, బోల్టులు పెట్టాం కాబట్టి ముందు బంపరుకు నట్లతో బిగుస్తుంది. చూడటానికి అందంగా లేదు, చుట్టాలు వస్తే దాని మీద ఒక జోకు తప్పదు. పని మాత్రం చేస్తోంది. వెనక టైర్లలో నీళ్లు నింపడం ఇంకో దారి, ముప్పాతిక భాగం వరకు నింపుతారు. అది దుక్కిలో పట్టు కోసం పనికొస్తుంది కానీ, ముందు తేలడాన్ని ఆపదు. చలి దేశాల్లో అది గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారట, చిత్తూరు ఎండల్లో మనకా గొడవ లేదు.

డ్రిప్ పైపులు చుట్టే చక్రం కూడా చేయించాం. పాత సైకిల్ రిమ్ములు రెండు, మధ్యలో రాడ్లు, చేత్తో తిప్పే పిడి, అదంతా బల్ల మీదే నిలబడుతుంది. దుక్కికి ముందు చెట్ల వరసల వెంట పరిచే 16 మిల్లీమీటర్ల లేటరల్ పైపులు చుట్టడానికి ఇద్దరు మనుషులు రోజంతా వంగి పనిచేసేవాళ్లు. ఇప్పుడు బండి మెల్లగా పోతుంటే ఒకరు తిప్పితే చాలు. దీన్ని పీటీఓకు, అంటే ఇంజిను బలంతో బండి వెనక తిరిగే షాఫ్టుకు, తగిలించి తిప్పొచ్చు కదా అని వెల్డరు ఉత్సాహపడ్డాడు. నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్టు పక్కన పైపు పట్టుకుని మనిషి నిలబడటమా? ససేమిరా అన్నాను. పీటీఓ మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు కూడా పగిలితే కంపెనీదే కొని వేస్తాం. తువ్వాలు, లుంగీ ఆ షాఫ్టుకు చుట్టుకుంటే ఎవరూ ఆపలేరు.

రేడియేటరు ముందు దోమతెర లాంటి సన్న ఇనుప జాలీ పెట్టాం. ఎండుగడ్డిలో రోటావేటరు వేసేటప్పుడు చెత్త రేడియేటరు రెక్కల్లోకి పోకుండా ఆపుతుంది. గంటకోసారి దులపకపోతే ఆ జాలీయే గాలిని ఆపి ఇంజిను వేడెక్కిస్తుంది. పైన షేడ్‌నెట్ కప్పు రెండు సీజన్లు వాడి తీసేశాం, చెట్ల మధ్య ఎంత మడిచినా చిక్కుకుంటూనే ఉంది. టూల్ బాక్సు, నీళ్ల క్యాన్ స్టాండు ఎవరైనా చేయించుకునేవే.

వెల్డింగ్ చేయించే వాళ్లకు రెండు జాగ్రత్తలు. బండి మీదే వెల్డింగ్ చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ తీగలు విప్పించండి, లేకపోతే ఆల్టర్నేటరులోని డయోడ్లు పోయే ప్రమాదం ఉంది. సీటు వెనక ఉండే రక్షణ కమ్మీకి, అదే బండి తిరగబడితే మనిషిని కాపాడేదానికి, రంధ్రాలు వేయడం, వెల్డింగ్ పెట్టడం వద్దు. దాని బలమే దెబ్బతింటుంది. మా బండి మీద అన్నీ యూ-బోల్టులతో, క్లాంపులతోనే బిగించాం. పూటలో విప్పేయొచ్చు.

లైట్లు, వైరింగ్, రిలే కలిపి మూడు వేలు దాటాయి. బల్ల, దిమ్మె, చక్రం కలిపి పదిహేను వేల లోపే, ఇనుము ధర ఆనాటిది. రాత్రి పని లేనివాళ్లు నాలుగు లైట్ల జోలికి పోనక్కర్లేదు. మెట్టు దగ్గరి లైటు, వెనక ఒకటి చాలు. ఆ డబ్బుతో బల్ల చేయించుకోండి, కోతల్లోనే ఖర్చు తిరిగొస్తుంది.