పళ్ళు అరగలేదు, బోరు పగిలింది: కారం యంత్రం మీద ఉక్కు స్పర్ గేర్లు

స్పర్ గేరు (పళ్ళు ఇరుసుకు సమాంతరంగా తిన్నగా ఉండే గేరు) కొనడానికి వెళితే దుకాణంలో మాట ఎప్పుడూ పళ్ళ మీదే నడుస్తుంది. ఏ ఉక్కు, ఎంత గట్టిదనం, పళ్ళు కోసే రెండు పద్ధతుల్లో హాబింగ్ మీద తీసిందా, మిల్లింగ్ మీద కోసిందా అన్నవే ప్రశ్నలు. గుంటూరులో మా కారం దంచే యంత్రం మీద ఉక్కు పినియన్లను (జతలోని చిన్న గేర్లను) కొన్నేళ్ళుగా నడిపిన తరువాత ఆ ప్రశ్నలన్నీ నాకు రెండో వరుసలోకి పోయాయి. ఇప్పుడు గేరు చేతికి రాగానే నేను చూసేది, కీవే (గేరు షాఫ్టు మీద జారకుండా ‘కీ’ అనే ముక్క కూర్చునే గాడి) పై అంచుకూ పన్ను మొదలుకూ మధ్య ఎంత ఉక్కు మిగిలిందన్నదే. ఆ ఒక్క కొలత గురించి నోరు విప్పకుండా గేరు అమ్మేవారి మీద నాకున్న కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి, దానిని లెక్కలో తీసుకునే ఈ సమీక్షను చదవండి.

మా యంత్రానికి 3 హార్స్‌పవర్ మోటారు ఉంది. నిమిషానికి 1440 చుట్లు తిరిగే ఆ మోటారు నుంచి వేగం బెల్టు మీద అయిదో వంతుకు తగ్గి మధ్యలోని కౌంటర్ షాఫ్టుకు 288 చుట్లు వస్తాయి. ఆ షాఫ్టు చివరన ఉన్న 3 మాడ్యూల్ (పన్ను పరిమాణాన్ని మిల్లీమీటర్లలో చెప్పే కొలత), 16 పళ్ళ పినియన్ 80 పళ్ళ పెద్ద గేరును తిప్పితే, రోకళ్ళను ఎత్తే కామ్ షాఫ్టు నిమిషానికి 58 చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. పళ్ళ దగ్గర వేగం సెకనుకు ముప్పావు మీటరైనా ఉండదు. అలాగని గేరుకు సుఖమేమీ లేదు. రోకలిని ఎత్తే క్షణంలో పన్ను మీద బరువు ఒక్కసారిగా పడుతుంది, రోకలి జారగానే పోతుంది, రోజంతా ఇదే వరుస. యంత్రంతో పాటు వచ్చిన పోత ఇనుము పినియన్ పళ్ళ మూలలు రాలిపోయింది ఈ దెబ్బలకే.

దాని స్థానంలో విజయవాడ ఆటోనగర్ నుంచి తెచ్చిన ఈఎన్8 అనే మధ్యరకం కార్బన్ ఉక్కు పినియన్ వేశాం. పళ్ళకు ఇండక్షన్ హార్డెనింగ్ (విద్యుత్ కాయిల్‌తో వేడిచేసి, వెంటనే చల్లార్చి పైపొరను గట్టిపరచడం) చేసిన సరకు అది. పన్ను మీద ఆకురాయి పెడితే కోయకుండా జారిపోయేది. గట్టిదనం కొలతలో ఈఎన్8 మామూలు స్థితిలో 200 బ్రినెల్‌కు అటూ ఇటూగా ఉంటుంది. హార్డెనింగ్ తరువాత పన్ను పైభాగం 50 రాక్‌వెల్ (ఇది వేరే కొలమానం, బ్రినెల్ అంకెతో పోల్చకూడదు) దాటుతుంది. పెద్ద గేరు పన్ను ఒక్కసారి పనిచేసే లోపల పినియన్ పన్ను అయిదుసార్లు పనిచేయాలి కాబట్టి, ఆ గట్టిదనం పినియన్‌కే ఎక్కువ అవసరం. మిర్చి సీజన్ గడిచాక కూడా దాని పళ్ళ మీద హాబింగ్ గీతలు కనిపించడం చూసి, తెలిసిన మిల్లుల వాళ్ళందరికీ అదే కొనమని చెప్పాను. ఆ సలహాను ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గాని, రెండు సంగతులు దానికి చేర్చాలి. మొదటిది, నున్నగా లేని గట్టి పన్ను ఎదుటి పోత ఇనుము పన్నును ఆకురాయిలాగే తింటుంది. మా పెద్ద గేరు పళ్ళు పలచబడిన తీరు చూస్తే పినియన్ మీద అరుగుదల లేకపోవడానికి మూల్యం ఎవరు చెల్లించారో తెలుస్తుంది. రెండవది, 16తో 80 శేషం లేకుండా తెగుతుంది కాబట్టి పెద్ద గేరులోని ప్రతి పన్నుకూ ఎప్పటికీ పినియన్‌లో అదే పన్ను ఎదురవుతుంది. ఒక పన్నులో లోపముంటే అది పెద్ద గేరు మీద అవే అయిదు చోట్ల అచ్చు పడుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. బేరింగు దగ్గర అరిగిన కౌంటర్ షాఫ్టును మార్చవలసి వచ్చినప్పుడు, కొత్త షాఫ్టు 30 మిల్లీమీటర్లు, పినియన్ కూర్చునే చోట 28 మిల్లీమీటర్లు అయింది. పాత పినియన్ బోరు (షాఫ్టు దూరే రంధ్రం) 25. అదే రకం కొత్త పినియన్‌ను కొన్నచోటే బోరు 28కి పెంచి, స్లాటింగ్ యంత్రం మీద 8 మిల్లీమీటర్ల కీవే తీసి ఇచ్చారు. ‘హార్డెనింగ్ పళ్ళకే గురువుగారూ, బోరు మెత్తగానే ఉంటుంది, ఎంతకైనా పెంచుకోవచ్చు’ అన్నది వారి మాట. మొదటి సగం నిజమే.

అది ఆవకాయల రోజుల్లో పగిలింది. ఇళ్ళవాళ్ళు తొడిమలు తీసి ఎండబెట్టిన మిరపకాయల సంచులతో వరుసలో కూర్చునే కాలం అది. మొదట గేరు కవరులో నుంచి సన్నగా టకటక మొదలయింది. ప్లమ్మర్ బ్లాకు (బేరింగును పట్టి ఉంచే దిమ్మ) బోల్టులు బిగించాం, బేరింగుకు గ్రీజు పెట్టాం, శబ్దం తగ్గలేదు. కాస్త నిలబడి వింటే అది రోకళ్ళ దెబ్బతో కలవడం లేదు, సెకనుకు దాదాపు అయిదుసార్లు వస్తోంది. అంటే అది కౌంటర్ షాఫ్టు లెక్క. కవరు విప్పితే గ్రీజూ కారం పొడీ కలిసి ఎర్రటి ముద్దగా పట్టి ఉంది. కిరోసిన్‌తో కడిగి తుడిస్తే, కీవే మూల నుంచి రెండు పళ్ళ మధ్య సందులోకి వెంట్రుకంత గీత కనిపించింది. పినియన్‌ను తట్టి బయటికి తీసేసరికి ఆ గీత వెడల్పయింది, కీ వదులై చేతికి వచ్చింది. పళ్ళు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. నాకు కోపం తెప్పించింది ఆ పళ్ళే.

లెక్క చాలా చిన్నది. 3 మాడ్యూల్, 16 పళ్ళ గేరుకు పిచ్ వ్యాసం (రెండు గేర్ల పళ్ళు కలిసే వలయపు వ్యాసం) 48 మిల్లీమీటర్లు, పళ్ళ మొదళ్ళ దగ్గర వ్యాసం 40.5, అంటే కేంద్రం నుంచి 20.25. బోరు సగం 14, దాని మీద కీవే లోతు 3.3, కలిపి 17.3. మిగిలిన గోడ 2.95 మిల్లీమీటర్లు, ఒక మాడ్యూల్ కూడా కాదు. బోరు 25గా ఉన్నప్పుడు అదే గోడ 4.45 ఉండేది. పైగా కాయిల్‌లో తిప్పుతూ వేడిచేసే హార్డెనింగ్ ఇంత చిన్న పళ్ళలో పన్ను దగ్గరే ఆగదు, మొదలు కిందికీ కొంత దిగుతుంది. ఆ మూడు మిల్లీమీటర్లలో దెబ్బను ఓర్చుకునే మెత్తని ఉక్కు ఎంత మిగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. కీవేను పన్ను కిందికి తెచ్చి తీస్తే కాస్త మందం కలిసివచ్చేది. వారు సరిగ్గా సందు కింద తీశారు, మూలలు కూడా గుండ్రం చేయకుండా కత్తిలా వదిలేశారు. గేర్లు కోయడమే వృత్తిగా ఉన్నవారు బోరు పెంచేముందు చెప్పవలసిన మాట ఇది. ఈఎన్24 వేసి ఉంటే పగిలేది కాదని తరువాత కొందరు అన్నారు. అది నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన చేవగల ఉక్కే, కాదనను. కానీ మందం లేనిచోట ఉక్కు రకం మార్చడం వల్ల వచ్చేది మరికొంత గడువే అని నా అభిప్రాయం.

ఇప్పుడు నడుస్తున్నది 18 పళ్ళ పినియన్. బోరు అదే 28, గోడ 5.95 మిల్లీమీటర్లు, అంటే రెండు మాడ్యూళ్ళకు దగ్గర. నేను పెట్టుకున్న హద్దు అదే. రెండు షాఫ్టుల దూరం 144 నుంచి 147 మిల్లీమీటర్లకు పెరిగింది, ఆ మూడు మిల్లీమీటర్లూ ప్లమ్మర్ బ్లాకు రంధ్రాలలోనే సర్దుబాటయ్యాయి. రోకళ్ళ వేగం పెరగకుండా మోటారు పుల్లీని తొమ్మిదో వంతు చిన్నది చేయించాం. దీనివల్ల షాఫ్టు మీద మెలి (టార్క్) కొంత పెరిగినా, పినియన్ వ్యాసమూ అంతే పెరిగింది కాబట్టి పన్ను మీద బలం మారలేదు. పళ్ళు ఒకదానినొకటి నెట్టే కోణం 20 డిగ్రీలుండే గేరులో 17 పళ్ళకు తక్కువైతే పన్ను మొదలు కోసుకుపోతుందన్న బెడద కూడా దీనికి లేదు. శబ్దం మాత్రం తగ్గలేదు. అరిగిన పెద్ద గేరు అలాగే ఉన్నంతకాలం తగ్గుతుందన్న ఆశ కూడా నాకు లేదు.

షాఫ్టు 25 ఉన్నవారికి, దెబ్బలు లేని చిన్న కన్వేయరు నడుపుకొనేవారికి 16 పళ్ళ ఈఎన్8 పినియన్ చవకైన మంచి సరకే. నాది బెల్టుతో నడిచే యంత్రం, ఏదైనా అడ్డం పడితే బెల్టు కొంత జారి గేరును కాపాడుతుంది. మోటారుకు గేర్‌బాక్సు నేరుగా బిగించినవారికి నా అనుభవం ఎంతవరకు పనికివస్తుందో చెప్పలేను. షాఫ్టుతో కలిపి ఒకే ముక్కగా పినియన్ కోయిస్తే కీవే బాధే ఉండదు. కానీ పన్ను పోయినప్పుడల్లా షాఫ్టు కూడా మార్చుకోవాలి కాబట్టి, మా మిల్లు రాబడికి అది ప్రస్తుతం గిట్టదు.