ఎనిమిదేళ్ళు, 2,14,000 కిలోమీటర్లు: బండి మంచిదే, డీజిల్ పంపుతోనే నా గొడవంతా

ఈ డీజిల్ పికప్ కొత్తగా కొని ఎనిమిదేళ్ళు దాటింది. ఇవాళ పొద్దున చూస్తే మీటరు మీద 2,14,000 చిల్లర ఉంది, అందులో సగానికి పైగా వెనక ట్రైలర్ తగిలించుకుని తిరిగిన కిలోమీటర్లే. కొనేముందు నేను కూడా సమీక్షలు చాలా చదివాను. సీట్లు బాగున్నాయి, స్క్రీన్ పెద్దది, లాగుడు అదిరింది, ఇవే. ఐదో ఏడాదిలో ఏమవుతుందో, ఏదైనా అయితే కంపెనీ ఎలా మాట్లాడుతుందో ఒక్కరూ రాయలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మంచి సంగతులు చెప్పేస్తా. ఇంజిన్ లాగుడుకి వంక పెట్టడానికి లేదు, నిండు లోడుతో ఎత్తు ఎక్కుతున్నా నిబ్బరంగా పోతుంది. గేర్‌బాక్స్‌కి ఆయిల్ మార్చడం తప్ప మరోసారి చెయ్యి పెట్టలేదు. ఛాసిస్‌కి తుప్పు లేదు. లీఫ్ స్ప్రింగుల బుష్‌లు ఒకసారి, ముందు చక్రాల బేరింగులు ఒకసారి మార్చాను, అవి అరిగే వస్తువులే కాబట్టి తప్పు పట్టను. ఖాళీగా ఉన్నప్పుడు గతుకుల్లో వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, పికప్ కొన్నాక దానికి అలవాటు పడాల్సిందే. ఇక మిగతాదంతా డీజిల్ వ్యవస్థ గురించే.

మొదటి సూచన 1,31,000 దగ్గర కనిపించింది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఒక్క తిప్పుకే అందుకునే బండి, నాలుగైదు సెకన్లు తిరిగితే గాని అందుకోవడం మానేసింది. వేడెక్కాక మామూలే. షోరూమ్‌కి తీసుకెళ్తే కంప్యూటర్ పెట్టి చూసి ఫాల్ట్ కోడ్ ఏమీ లేదన్నారు, డీజిల్ ఫిల్టర్ మార్చి పంపేశారు. ఇప్పుడు తెలిసింది కాబట్టి చెబుతున్నా, ఈ రకం ఇంజిన్లలో ఫ్యూయల్ రైలులో, అంటే ఒత్తిడితో ఉన్న డీజిల్‌ని ఇంజెక్టర్లకి పంచే గొట్టంలో, కనీస ఒత్తిడి పుట్టేదాకా, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఆ ఇంజెక్టర్లను కంప్యూటర్ తెరవనివ్వదు. పంపు నీరసపడుతుంటే ఆ ఒత్తిడి రావడానికి ఎక్కువసేపు పడుతుంది, కానీ చివరికి వస్తుంది కాబట్టి కోడ్ పడదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు రైలు ఒత్తిడి ఎంతసేపటికి లేస్తోందో లైవ్ డేటాలో చూపించమని ఆ రోజు అడిగి ఉంటే బాగుండేది. అడగాలని నాకు తెలియదు, వాళ్ళకి తెలిసి ఉండాలి.

మూడు వారాల తర్వాత, ట్రైలర్ నిండా లోడు, ఎత్తు రోడ్డు, పక్క సీట్లో నా భార్య. ముందున్న లారీని దాటుతూ లైను మారాను. సరిగ్గా అప్పుడు ఇంజిన్ శబ్దం తెగిపోయింది. దగ్గలేదు, కుదుపు లేదు, ముందు ఒక్క లైటు కూడా వెలగలేదు, అంతకు ముందు క్షణం వరకు బాగా లాగుతున్న బండి. స్టీరింగ్ బిగుసుకుపోయింది, బ్రేక్ రెండుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా అయింది, వెనక ట్రైలర్ బరువు ఉన్న కాస్త ఊపునీ తినేస్తోంది. హజార్డ్ లైట్లు వేసి, రెండు చేతులతో స్టీరింగ్ లాగి ఎలాగో పక్కకి తెచ్చాను. వెనక వస్తున్న లారీ డ్రైవర్ ముందే గమనించి వేగం తగ్గించాడు కాబట్టి బతికిపోయాం. ఆయన మొహం కూడా చూడలేదు గాని ఈ రోజుకీ ఆయన్ని తలచుకుంటాను. ఆ తర్వాత ఎంత సెల్ఫ్ కొట్టినా తిరగడమే గాని అందుకోలేదు. టో బండి మీద షోరూమ్‌కి చేరాక పడిన కోడ్ పీ0087, అంటే రైలులో ఒత్తిడి చాలడం లేదని.

అసలు లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అది తెలియకపోవడం వల్లే నేను షోరూమ్‌లో నోరు మూసుకుని నిలబడాల్సి వచ్చింది. ఇప్పటి కామన్ రైలు డీజిల్ ఇంజిన్లలో హై ప్రెషర్ పంపు డీజిల్‌ని దాదాపు 2000 బార్ దాకా నొక్కుతుంది. కారు టైరులో గాలి రెండు, రెండున్నర బార్ ఉంటుంది, దాంతో పోల్చుకోండి. పంపులో ఒక క్యామ్, అంటే ఒకవైపు ఉబ్బెత్తుగా ఉండే ఇరుసు, తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒక రోలర్ దొర్లుతూ పిస్టన్‌ని పైకీ కిందికీ తోస్తుంది. ఇంజిన్‌కి ఆయిల్ ఉన్నట్టు ఈ రకం పంపుకి వేరే ఆయిల్ లేదు, దానిలోంచి పారే డీజిలే దానికి జిడ్డు. నా బండిలో ఉన్న రకంలో రోలర్‌ని పట్టుకునే కప్పు తన గుంటలో పక్కకి తిరగకుండా ఆపే గట్టి ఏర్పాటు లేదు. అది కొద్దిగా తిరిగిందంటే రోలర్ ఇక దొర్లదు, క్యామ్ మీద అడ్డంగా గీరుకుంటుంది. అక్కణ్ణించి ఇనప రజను మొదలు. ఆ రజను రైలులోకి, ఇంజెక్టర్లలోకి పోతుంది, రిటర్న్ పైపు గుండా ట్యాంకులోకీ పోతుంది. ఇంజెక్టర్ లోపల భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే, అక్కడ ఆ రజను ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి పోయింది ఒక్క పంపే అయినా ఇంజెక్టర్లు, రైలు, పైపులు అన్నీ మార్చాలి, ట్యాంకు దింపి కడగాలి.

షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్ అన్న మొదటి మాట, "డీజిల్ కల్తీ అయింది సార్, ఇది వారంటీలోకి రాదు." శాంపిల్ చూపించమన్నాను. గాజు సీసాలో కాస్త డీజిల్ తెచ్చి చూపించారు, అడుగున మెరుస్తున్న పొడి ఉంది, నీటి పొర లేదు. నీళ్ళేవండీ అంటే ఆ మెరిసేదే కల్తీ అన్నాడు. ఆ పొడి పంపు లోపలి ఇనుమేనని అప్పుడు నాకు తెలిసి ఉంటే! నీళ్ళు నిజంగా వచ్చి ఉంటే ఫిల్టర్ అడుగున ఉండే వాటర్ సెన్సర్ లైటు వెలగాలి, అది ఒక్కసారి కూడా వెలగలేదు. పేచీ పెట్టాను, పై అధికారితో మాట్లాడాను, లాభం లేకపోయింది. బండి లేకపోతే పని ఆగిపోతుంది కాబట్టి నా చేతి డబ్బుతోనే బాగు చేయించుకున్నాను. పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజులూ అద్దె బండి.

ఆ టెన్షన్‌లో కూడా నేను చేసిన ఒక మంచి పని, పాత భాగాలన్నీ నాకు ఇచ్చేయమని పట్టుబట్టడం. ఇవ్వడం కుదరదని ముందు అన్నారు, డబ్బు కట్టింది నేను కదా అని గట్టిగా అడిగితే ఒక అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. నాకు తెలిసిన ఒక డీజిల్ పంపుల మెకానిక్ దాన్ని విప్పి చూపించాడు. కప్పు పావు వంతు తిరిగి ఉంది, క్యామ్ మీద వేలు పెడితే తగిలేంత గాడి. తారీఖు కనబడేలా ఫోటోలు తీశాను. పొరపాటు చేసింది ఎక్కడంటే, జాబ్ కార్డు, అంటే బండికి ఏమైందో ఏం చేశారో షోరూమ్ వాళ్ళు రాసే కాగితం, చదవకుండా సంతకం పెట్టడం. అందులో కారణం అన్న చోట "కల్తీ ఇంధనం" అని రాసి ఉంది.

పద్నాలుగు నెలల తర్వాత రీకాల్ ఉత్తరం వచ్చింది, అంటే లోపం ఉన్న బండ్లని కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేస్తామని చెప్పే ఉత్తరం. హై ప్రెషర్ పంపు విఫలమై, నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోయి ప్రమాదం జరిగే అవకాశం ఉందట. చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. నాకు జరిగింది ఉన్నది ఉన్నట్టు వాళ్ళే రాశారు. కింద ఇంకో మాట ఉంది, మరమ్మతు ఇంకా సిద్ధంగా లేదు, సిద్ధమయ్యాక మరో ఉత్తరం పంపుతాం అని. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, అయితే ఈలోగా బండి నడపొచ్చా అని అడిగాను. లక్షణాలు కనిపిస్తే పక్కకి ఆపి మాకు ఫోన్ చేయండి అన్నారు. నాకు కనిపించిన లక్షణం ఇంజిన్ ఆగిపోవడమే కదా, ఇంకేం చూసి పక్కకి ఆపాలి? రెండో ఉత్తరం రావడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలలూ నేను ట్రైలర్ తగిలించుకుని తిరుగుతూనే ఉన్నాను, ఎత్తు రోడ్డు వస్తే చాలు, ముందు ఎంత నెమ్మదిగా పోతున్న బండి ఉన్నా దాటేవాణ్ణి కాదు. భాగాలు తయారు కావడానికి టైము పడుతుంది, అది ఒప్పుకుంటా. కానీ బరువు లాగే బండ్లకీ ఎక్కువ దూరం తిరిగే బండ్లకీ ముందు ఇవ్వొచ్చు, కనీసం పంపు పక్కన ఉండి, లోపలికి ఎంత డీజిల్ పోవాలో చూసుకునే మీటరింగ్ వాల్వ్ విప్పి రజను ఉందో లేదో చూసి పంపొచ్చు. ఆ వాల్వ్ విప్పి చూడటం పెద్ద పని కాదు, పంపు లోపల ఏం జరుగుతుందో అన్నిటికంటే ముందు అక్కడే తెలుస్తుంది. అది కూడా చేయలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

నేను ముందే కట్టిన డబ్బు తిరిగి ఇస్తామని రెండో ఉత్తరంలో ఉంటే దరఖాస్తు పంపాను. తిరస్కరించారు. కారణం జాబ్ కార్డులో ఉన్న ఆ రెండు మాటలు, "కల్తీ ఇంధనం". వాళ్ళ షోరూమ్ రాసిన మాటనే సాక్ష్యంగా చూపించి వాళ్ళే కాదన్నారు. అప్పుడు అట్టపెట్టె అక్కరకొచ్చింది. పంపు ఫోటోలు, మెకానిక్ రాసిచ్చిన కాగితం, డీజిల్ కొట్టించిన బిల్లులు, ఫిల్టర్ మార్చిన తారీఖులు, అన్నీ కలిపి మళ్ళీ పంపాను. నాలుగు నెలలు ఉత్తరాలు నడిచాక పంపు, ఇంజెక్టర్లు, రైలుకి అయినది ఇచ్చారు. టో ఖర్చు, అద్దె బండి ఖర్చు ఇవ్వలేదు.

ఇంకో సంగతి రీకాల్ పనికి వెళ్ళినప్పుడు బయటపడింది. నా డబ్బుతో వేసిన కొత్త పంపు కూడా పాత రకమే. అంటే ఆ రెండేళ్ళూ అదే గండాన్ని ఇంజిన్‌కి తగిలించుకుని తిరిగానన్నమాట. ఈసారి వేసింది వేరే రకం, రోలర్ కప్పు పక్కకి తిరగకుండా పట్టు ఉన్నది. వేసి 41,000 కిలోమీటర్లు అయింది. చలికాలం పొద్దున కూడా ఒక్క తిప్పుకే అందుకుంటోంది, మైలేజీలో తేడా లేదు, ఐడిల్‌లో ఉన్నప్పుడు శబ్దం కొంచెం పెరిగింది గాని అది పట్టించుకునేంత కాదు.

రీకాల్ అందరికీ ఒకేలా వర్తించదు, ఇది కూడా తెలుసుకోండి. తయారైన తారీఖుల మధ్య గీత గీస్తారు. నా స్నేహితుడిది ఇదే బండి, ఇదే పంపు, తయారైంది ఆ గీతకి కొన్ని వారాలు అవతల. అతనికి ఉత్తరం రాలేదు, అడిగితే మీ బండి జాబితాలో లేదన్నారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళ ఉత్తరాలు పాత ఓనర్ అడ్రసుకి పోతుంటాయి. కాబట్టి ఉత్తరం కోసం చూడకండి, బండి మీద ఉండే 17 అక్షరాల ఛాసిస్ నంబరు పెట్టి మీరే వెతకండి, ఆరు నెలలకోసారి మళ్ళీ వెతకండి, జాబితాలు తర్వాత కూడా పెరుగుతాయి. షోరూమ్‌కి లోపల పంపే సర్వీస్ బులెటిన్ వేరు, రీకాల్ వేరు. బులెటిన్ ఉందని చెప్పి రీకాల్ అయిపోయిందన్నట్టు మాట్లాడతారు, నమ్మకండి.

డీజిల్ సంగతి కూడా కొంత ఉంది, అది దాచను. గంధకం తీసేసే శుద్ధిలో డీజిల్‌కి సహజంగా ఉండే జిడ్డు కూడా పోతుంది, దాన్ని మళ్ళీ రసాయనాలు కలిపి తెస్తారు. ఆ జిడ్డుని కొలవడానికి ఒక పరీక్ష ఉంది, డీజిల్‌లో ఉక్కు గుండుని ఉక్కు పలక మీద 75 నిమిషాలు రుద్ది గుండు మీద పడిన అరుగుడు మచ్చ ఎన్ని మైక్రాన్లో చూస్తారు. యూరప్ ప్రమాణం ప్రకారం అది 460 దాటకూడదు, అమెరికాలో 520 దాకా ఒప్పుకుంటారు. అంటే ఎక్కడ అమ్మే డీజిల్ ఎలా ఉంటుందో పంపు తయారు చేసేవాళ్ళకి ముందే తెలుసు, తెలిసి తట్టుకునేలా చేయాల్సిన బాధ్యత కూడా వాళ్ళదే. నా వంతుగా నేను చేసేవి ఇవీ: ట్యాంకు పావు వంతుకి దిగకముందే నింపిస్తాను, ఎందుకంటే డీజిల్ అయిపోయి పంపు గాలి లాగితే జిడ్డు లేకుండా పొడిగా తిరుగుతుంది. ఫిల్టర్ కంపెనీ చెప్పిన దానికంటే ముందే మార్చి, అడుగున ఉన్న నీళ్ళు తీయిస్తాను. పొరపాటున పెట్రోలు పడితే తాళం కూడా తిప్పకుండా ట్యాంకు ఖాళీ చేయించాలి, ఈ పంపుకి పెట్రోలు విషమే. రజనుని ఇంజెక్టర్ల వైపు పోనీయకుండా వడపోసి ట్యాంకుకి మళ్ళించే బైపాస్ కిట్లు కూడా దొరుకుతాయి. అవి పంపుని కాపాడవు, ఇంజెక్టర్లని కాపాడతాయి. రీకాల్ రాని నా స్నేహితుడు అదే వేయించుకున్నాడు, నేనైనా అదే చేసేవాణ్ణి.

మళ్ళీ ఇదే బండి కొంటావా అని అడుగుతుంటారు. కొత్త రకం పంపు ఉన్నదైతే కొంటాను, బండి మీద నాకు కోపం లేదు. పాత పంపుతో ఉన్న సెకండ్ హ్యాండ్ మాత్రం, రీకాల్ పని అయినట్టు కాగితం చేతిలో పెట్టకపోతే ఎంత తక్కువకి వచ్చినా తీసుకోను.

టో ఖర్చు, అద్దె బండి ఖర్చు గురించి పోయిన నెల మళ్ళీ రాశాను, జవాబు ఇంకా రాలేదు. పాత పంపు ఆ అట్టపెట్టెలోనే ఉంది. ఇల్లు సర్దినప్పుడల్లా నా భార్య పారేద్దామంటుంది, ఆ జవాబు వచ్చేదాకా ఉండనీ అంటున్నాను.