హనుమకొండ చిన్న బడిలో మూడేళ్లు: మా అనుభవం

మా పాపను ఒకటో తరగతి అయ్యాక పెద్ద బడి మాన్పించి, హనుమకొండ శివార్లలోని ఒక చిన్న బడిలో వేశాం. ఇప్పుడు నాలుగో తరగతి, అంటే ఇది మూడో ఏడు. మొత్తం 38 మంది పిల్లలు, నలుగురు టీచర్లు. వాళ్లను పిల్లలు అక్క, అన్న అనే పిలుస్తారు. బడి పేరు రాయడం లేదు. ఇంత చిన్న బడి పేరు రాస్తే మా పాప ఎవరో తెలిసిపోతుంది.

మమ్మల్ని చాలామంది అడిగేది ఒకటే: "అక్కడ చదువు చెప్తరా, ఊకె ఆడిస్తరా?" అందుకే ఒక వారం సంగతి వివరంగా రాస్తున్నా. అక్కడ వారానికి ఒక విషయం పట్టుకుంటారు. ఒకసారి భద్రకాళి చెరువు, ఒకసారి రామప్ప గుడి, బతుకమ్మ ముందు గునుగు, తంగేడు. నేను దగ్గరుండి చూసింది మాత్రం ఈ ఫిబ్రవరిలో జరిగిన మిర్చి వారం.

సోమవారం పొద్దున చాప మీద పాత పేపర్లు పరిచి రెండు కుప్పలు పోశారు. ఒకటి తేజ, సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఇంకోటి చపాటా, టమాటాలాగా లావుగా ముద్దగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో దీనికి జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు పంట అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. పిల్లలు కాయల్ని తిప్పి చూసి బొమ్మ వేశారు, గింజలు లెక్కపెట్టారు, రంగు తేలిపోయిన తాలు కాయల్ని వేరు చేశారు. పక్కన బకెట్‌లో నీళ్లు, సబ్బు. చేతులు కడగకుండా కళ్లు తాకొద్దని అక్క పదిసార్లు చెప్పింది. అయినా ఒక బాబు రుద్దుకోనే రుద్దుకున్నాడు. కాసేపు ఏడ్చి, కడిగాక మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

మంగళవారం ఏనుమాముల మార్కెట్. ఎక్కడికి పోయినా ఇద్దరు తల్లిదండ్రులు తోడు వెళ్లాలి, ఆ రోజు మా వంతు. యార్డు నిండా ఎర్ర బస్తాలు, ఘాటుకు అందరికీ తుమ్ములే. జెండా పాట, అంటే పొద్దున ధర తేల్చే వేలం, మొదలవగానే పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. ఒక్కొక్కరు మూడు ప్రశ్నలు రాసుకొచ్చి, రైతులనో హమాలీలనో వాళ్లే అడగాలి. మేం నోరు విప్పకూడదని అన్న ముందే చెప్పాడు. మా పాప కొత్తవాళ్లతో మాట్లాడే పిల్ల కాదు. ఒక పెద్దాయన పక్కన చాలాసేపు నిలబడి, చివరికి "తాతా, తాలు కాయలు ఏం చేస్తరు?" అని అడిగింది. ఆయన కండువా పరిచి కూర్చోబెట్టి, తాలుకు వేరే రేటు ఉంటుందని కాయలు చేతిలో పెట్టి మరీ చూపించాడు.

నాకు బాగా నచ్చింది బుధవారం. లెక్కలు నేర్పడానికి మాంటిస్సోరి పూసలుంటాయి కదా: ఒక్క పూస, 10 పూసల కడ్డీ, 100 పూసల పలక, 1000 పూసల ఘనం. ఆ రోజు ఒక్క పూసంటే ఒక కిలో, పలకంటే క్వింటాలు. బస్తా 40 కిలోలు అనుకుంటే క్వింటాలుకు ఎన్ని బస్తాలు? పలక పక్కన కడ్డీలు పేర్చి చూసి, రెండున్నర అని పిల్లలే చెప్పారు. తర్వాత ఖాళీ గోనెసంచిని తూకం వేశారు. 600 గ్రాములు ఉంది.

ఆ సాయంత్రం మా పాప నర్సంపేట దగ్గర ఊళ్లో ఉన్న మా మామగారికి ఫోన్ చేసింది. ఆయన ఈసారి కల్లంలోనే ఒక బేరగాడికి 30 బస్తాలు అమ్మాడు. తూకంలో సంచి బరువు కింద కొంత కోసేస్తారు, దాన్నే తరుగు అంటారు.

"తాతా, సంచికి తరుగు ఎంత తీసిన్రు?"

"కిలో తీసిన్రు బిడ్డా. ఎప్పుడైనా గంతే."

"మేం ఖాళీ సంచి జోకినం తాతా, 600 గ్రాములే ఉన్నది."

ఫోన్ పెట్టేసి కాగితం మీద లెక్క వేసింది. సంచికి 400 గ్రాములు ఎక్కువ కోశారు, 30 సంచులకు 12 కిలోలు. క్వింటాలు 15 వేలు అనుకుంటే 1800 రూపాయలు. కూడికలంటేనే టెన్షన్ పడి కడుపునొప్పి అనే పిల్ల, ఎవరూ చెప్పకుండా ఆ లెక్క చేసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

గురు, శుక్రవారాలు మామూలే. చూసింది తెలుగులో రాయడం, కాసిన్ని ఇంగ్లిష్ మాటలు, కుట్టుపని, తోటపని. శనివారం అందరూ కలిసి పచ్చడి నూరారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మా పాప తన ఈడు పిల్లల కంటే ఏడాది వెనక ఉంది. ఇంట్లో రోజూ అరగంట కూర్చోబెడుతున్నాం. కిందటేడు మధ్యలో ఒక అక్క మానేస్తే రెండు నెలలు లెక్కలు ఆగిపోయాయి. నలుగురే ఉన్నచోట ఒకరు పోతే దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇంకోటి, తల్లిదండ్రులకు తీరిక ఉండాలి. ఇద్దరూ పొద్దున పోయి రాత్రి వచ్చేవాళ్లైతే ఈ బడి కష్టం.

చేర్చే ముందు బడికి ప్రభుత్వ గుర్తింపు, యూడైస్ నంబర్ (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే కోడ్) ఉన్నాయా అని తప్పకుండా అడగండి. గుర్తింపు లేని చోట చదివినా, విద్యాహక్కు చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో ఏ, బీ, సీ స్థాయిలు కూడా ఉన్నాయి, అవి 3, 5, 8 తరగతులకు సమానం. కానీ ఆ తిరుగుడంతా మన మీదే పడుతుంది. మా బడికి గుర్తింపు ఉంది, అయితే ఐదో తరగతి వరకే.

అందుకే వచ్చే ఏడాదంతా ఇక్కడే చదివించి, ఆరుకు ఇంటి దగ్గరి ప్రభుత్వ హైస్కూల్‌లో వేద్దామనుకుంటున్నాం. మొన్న ఆదివారం పాపను తీసుకెళ్లి ఆ బడి చూపించాం. గేటు లోపల వేపచెట్టు చూసి, "ఈడ తోట పెట్టనిస్తరా నాన్నా?" అని అడిగింది. సోమవారం హెడ్‌మాస్టర్‌ను అడిగొస్తానని చెప్పాను.