ఫిజిక్స్, మ్యాథ్స్ డౌట్లు ఆన్‌లైన్‌లో ఎక్కడ అడగాలి: ఏది మేలు?

డిగ్రీ ఎంపీసీ వాళ్లు, బీటెక్ ఫస్టియర్ వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. లెక్క మధ్యలో ఆగిపోయింది, క్లాసులో అడిగే వీలు లేదు, నెట్‌లో ఎక్కడ అడగాలి? ఫిజిక్స్ ఫోరమ్స్ అనే చర్చావేదికలోనా, స్టాక్ ఎక్స్చేంజ్ అనే ప్రశ్నోత్తరాల సైట్లలోనా, చాట్‌జీపీటీ లాంటి ఏఐనా, లెక్కల ఆన్సర్ ఇచ్చే వుల్‌ఫ్రామ్ ఆల్ఫా సైటా?

చాలామంది జవాబు ఎంత త్వరగా వస్తుందో, డబ్బులు కట్టాలో లేదో చూసి ఎంచుకుంటారు. నేను మొదట చూసేది వేరే. మీరు రాసిన దాంట్లో తప్పు మొదలైన లైను ఏదో అక్కడ బయటపడుతుందా లేదా? పరీక్షలో అదే లెక్క రాదు. కానీ ఆ తప్పు మాత్రం ఇంకో లెక్కలో మళ్లీ చేస్తారు.

ఒక లెక్క పెట్టుకుని చూద్దాం. 30 డిగ్రీల వాలు మీద ఒక సాలిడ్ స్పియర్ జారకుండా దొర్లుతూ దిగుతోంది. ఫ్రిక్షన్ కోఎఫిషియంట్ 0.4. యాక్సిలరేషన్ ఎంత? ఎక్కువమంది ఫ్రిక్షన్ అనగానే మ్యూ ఎన్ (ఫ్రిక్షన్ కోఎఫిషియంట్ ఇంటూ నార్మల్ ఫోర్స్) అని రాసేస్తారు. జీ సైన్ తీటాలోంచి మ్యూ జీ కాస్ తీటా తీసేస్తారు. 4.9లోంచి 3.4 పోతే 1.5 వస్తుంది. పుస్తకం వెనక ఆన్సర్ చూస్తే 3.5 అని ఉంటుంది.

జారనప్పుడు ఉండేది స్టాటిక్ ఫ్రిక్షన్. మ్యూ ఎన్ అన్నది దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే, అసలు విలువ దొర్లడానికి ఎంత అవసరమో అంతే. ఫోర్స్ సమీకరణం, టార్క్ సమీకరణం, జారకపోవాలన్న షరతు మూడూ కలిపి సాధిస్తే యాక్సిలరేషన్ 5/7 జీ సైన్ తీటా, ఫ్రిక్షన్ 2/7 ఎంజీ సైన్ తీటా వస్తాయి. అంటే కిలో బరువుకు ఫ్రిక్షన్ 1.4 న్యూటన్లే. మ్యూ 0.165 ఉన్నా చాలు, ఈ వాలు మీద స్పియర్ జారదు.

ఇప్పుడు ఈ లెక్కే పట్టుకుని ఒక్కో చోటికి వెళ్దాం.

ఫిజిక్స్ ఫోరమ్స్ 2001 నుంచి ఉంది. అక్కడ హోంవర్క్‌కు ప్రత్యేక విభాగం ఉంది, దానికి మూడు భాగాల నమూనా ఉంది: ప్రశ్న పూర్తి పాఠం, సంబంధిత సమీకరణాలు, మీ ప్రయత్నం. ప్రయత్నం లేకుండా అడిగితే ముందు అదే అడుగుతారు. పూర్తి సొల్యూషన్ రాసిచ్చేయడం అక్కడి నిబంధనలకు విరుద్ధం. చాలామంది విద్యార్థులు విసుగు పడేది ఇక్కడే, కానీ ఆ చోటి విలువంతా ఆ నిబంధనలోనే ఉంది. పై లెక్క పెడితే సాయం చేసేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘టార్క్ సమీకరణం ఏదీ?’ అని. మీరు అదే మ్యూ ఎన్ వేసి టార్క్ రాస్తారు. ఆర్ ఆల్ఫా (రేడియస్ ఇంటూ యాంగ్యులర్ యాక్సిలరేషన్) విలువ 8.5 దాకా వస్తుంది. జారకుండా దొర్లాలంటే అది యాక్సిలరేషన్‌తో సమానం కావాలి, మీ దగ్గర ఉన్నదేమో 1.5. రెండూ మీరు రాసినవే, రెండూ పొసగడం లేదు. ఫ్రిక్షన్ లైను తప్పని ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఫిజిక్స్ లెక్కలకు నేను ముందు చెప్పే పేరు ఇదే.

దీనితో ఉన్న ఇబ్బంది సమయం. జవాబు ఎప్పుడొస్తుందో చెప్పలేం, వచ్చాక కూడా రెండు మూడు సార్లు అటూ ఇటూ నడుస్తుంది. రేపు పొద్దున సబ్‌మిషన్ పెట్టుకుని రాత్రి అడిగితే లాభం లేదు, కనీసం రెండు రోజుల ముందు అడగాలి. సమీకరణాలు లాటెక్‌లో, అంటే గణిత గుర్తుల కోసం వాడే టైపింగ్ పద్ధతిలో, టైప్ చేయాలి. ఇక్కడ లైను మధ్యలో రాసే సమీకరణానికి అటూ ఇటూ రెండేసి హ్యాష్ గుర్తులు పెట్టాలి, స్టాక్ ఎక్స్చేంజ్‌లో అయితే ఒక్కో డాలర్ గుర్తు. నోట్‌బుక్ ఫొటో పెట్టి వదిలేయకండి. ఫొటోలోని మూడో లైనును కోట్ చేసి ‘ఇక్కడ తప్పు’ అని చూపడం అవతలివాళ్లకు కష్టం. బొమ్మ మాత్రం ఫొటోగా పెట్టొచ్చు.

ఫిజిక్స్ స్టాక్ ఎక్స్చేంజ్ పద్ధతి వేరు. ‘ఈ లెక్క చేసిపెట్టండి’, ‘నా ఆన్సర్ సరిచూడండి’ అంటే ప్రశ్న మూసేస్తారు. అదే లెక్కలోంచి ‘జారకుండా దొర్లే వస్తువు మీద ఫ్రిక్షన్ మ్యూ ఎన్‌కు ఎందుకు సమానం కాదు?’ అన్న ప్రశ్న బయటికి తీస్తే అది నిలబడుతుంది. పైగా అలాంటి ప్రశ్నకు అక్కడ ఇప్పటికే మంచి జవాబులు ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి అడిగే ముందు వెతకాలి. ప్రశ్న మూసేస్తే కొత్తది పెట్టకుండా పాతదాన్నే ఎడిట్ చేయండి, మళ్లీ తెరవాలా వద్దా అని పరిశీలనకు వెళ్తుంది.

మ్యాథ్స్‌కు మాత్రం మ్యాథమెటిక్స్ స్టాక్ ఎక్స్చేంజ్‌నే ముందు పెడతాను. అక్కడ ఎక్సర్‌సైజ్ ప్రశ్నలు అడగొచ్చు, సందర్భం చెబితే చాలు: ఏ కోర్సు, ఏ సిద్ధాంతం దాకా అయింది, ఎక్కడ ఆగారు. రియల్ అనాలిసిస్‌లో ఎప్సిలాన్, డెల్టా ప్రూఫ్ ఉందనుకోండి. డెల్టాను ఎక్స్ మీద ఆధారపడేలా ఎంచుకుని యూనిఫాం కంటిన్యుటీ నిరూపించేశామనుకునేవాళ్లు ఎక్కువ. ‘నా ప్రూఫ్‌లో నాలుగో లైను సరైనదేనా, డెల్టా ఎక్స్ మీద ఆధారపడొచ్చా?’ అని అడిగితే సూటిగా జవాబొస్తుంది. ‘ఇది ప్రూవ్ చేయండి’ అని మాత్రమే రాస్తే మైనస్ ఓట్లు పడతాయి. మ్యాథ్ ఓవర్‌ఫ్లో అనే సైట్ పరిశోధన స్థాయిది, డిగ్రీ లెక్కలు అక్కడికి తీసుకెళ్లొద్దు.

ఇంగ్లిష్ సరిగా రాదని చాలామంది తెలుగు మీడియం పిల్లలు ఈ చోట్లకు వెళ్లరు. భయపడక్కర్లేదు. సమీకరణాలు స్పష్టంగా ఉంటే పొట్టి పొట్టి వాక్యాలు చాలు. ‘రెస్పెక్టెడ్ సర్’, ‘అర్జెంట్’, ‘ప్లీజ్ సాల్వ్’ లాంటివి వద్దు. స్టాక్ ఎక్స్చేంజ్‌లో పలకరింపులు, కృతజ్ఞతలు ఎడిట్ చేసి తీసేస్తారు. మర్యాద తక్కువై కాదు, అక్కడి పద్ధతే అది.

ఇక ఏఐ. వెంటనే పలుకుతుంది, తెలుగులో అడిగినా చెబుతుంది, రాత్రి రెండింటికి కూడా దొరుకుతుంది. టెక్స్ట్‌బుక్ తరహా లెక్కలు చాలావరకు సరిగ్గానే చేస్తుంది. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ‘సాల్వ్ చేయి’ అంటే మీ తప్పును ముట్టుకోకుండా తన సొల్యూషన్ మొదటి నుంచి రాసిస్తుంది. అది చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, మీ మ్యూ ఎన్ మాత్రం బుర్రలో అలాగే మిగిలిపోతుంది. అందుకే అడిగే తీరు మార్చాలి. మీ ప్రయత్నాన్ని లైన్లకు నంబర్లు వేసి టైప్ చేయండి. ‘మొదట తప్పిన లైను నంబరు, ఎందుకు తప్పో ఒక వాక్యం, అంతే, సొల్యూషన్ వద్దు’ అనండి.

ఫొటో పెట్టినప్పుడు ముందు ప్రశ్నను దాని మాటల్లో తిరిగి రాయమనండి. తీటా, ఫై తారుమారవడం, ఘాతాంకం మామూలు అంకెగా మారడం, పుల్లీ బొమ్మలో ఏ తాడు దేనికి కట్టారో పొరబడడం అక్కడే తెలిసిపోతాయి. ‘కాదు, ఫ్రిక్షన్ మ్యూ ఎన్ కదా?’ అని మీరు గట్టిగా అంటే ఒక్కోసారి సరైన జవాబు వదిలేసి మీ మాటకే తలూపుతుంది. అందుకని సరిచూసే బాధ్యత మీదే. ముందు యూనిట్లు, తర్వాత హద్దు విలువలు చూడండి. పై తప్పు సూత్రంలో తీటా సున్నా పెట్టి చూడండి: మైనస్ మ్యూ జీ వస్తుంది. చదునైన బల్ల మీద కదలకుండా ఉన్న బంతి దానంతటదే వెనక్కి వేగం పుంజుకోవాలన్నమాట! ఈ ఒక్క పరీక్షతోనే సూత్రం కూలిపోతుంది.

వుల్‌ఫ్రామ్ ఆల్ఫా చివరి ఆన్సర్ సరిచూసుకోవడానికే. ఆన్సర్ ఉచితం, స్టెప్పులన్నీ కావాలంటే డబ్బులు కట్టాలి. లాగ్ అని రాస్తే నేచురల్ లాగ్‌గా తీసుకుంటుంది. సైన్ 30 అని కొడితే డిగ్రీలనుకుందా రేడియన్లనుకుందా అన్నది కూడా చూసుకోవాలి. సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ ఇంటిగ్రల్‌కు మీకు సైన్ స్క్వేర్ ఎక్స్ బై 2 వచ్చి, అక్కడ మైనస్ కాస్ స్క్వేర్ ఎక్స్ బై 2 కనిపిస్తే కంగారు పడొద్దు. రెండింటి తేడా 1/2, అది కాన్‌స్టెంట్‌లో కలిసిపోతుంది. ఆన్సర్లు వేరుగా కనిపించినప్పుడు రెండింటినీ డిఫరెన్షియేట్ చేసి చూడండి. పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు అందులోని సింపై అనే లైబ్రరీ ఉచితంగా ఇదే పని చేస్తుంది.

ఎన్‌పీటెల్, ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్ లాంటి ఆన్‌లైన్ కోర్సులు పాఠం అర్థం కానప్పుడు చూడాల్సినవి, ఆగిపోయిన లెక్కకు కాదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో జవాబు ఎవరు రాశారో, ఎవరు సరిచూశారో తెలియదు. డబ్బులు తీసుకుని సొల్యూషన్లు అమ్మే సైట్లు వద్దనే చెబుతాను. మీ ప్రయత్నంతో వాటికి పని లేదు, మార్కులున్న అసైన్‌మెంట్‌కు వాడితే కాపీ కింద లెక్కేస్తారు కూడా. అమెరికాలో చదివే మనవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ఏఐ ఎంతవరకు వాడొచ్చో సాధారణంగా కోర్సు సిలబస్‌లోనే రాసి ఉంటుంది. ప్రొఫెసర్లు, టీఏలు (టీచింగ్ అసిస్టెంట్లు) విద్యార్థుల డౌట్ల కోసం ఆఫీస్ అవర్స్ పెడితే పైన చెప్పిన వాటన్నిటికంటే ముందు అక్కడికే వెళ్లండి, నంబర్లు వేసిన మీ ప్రయత్నం కాగితం పట్టుకుని.